అంకణా కలిసినంత మాత్రాన లెక్క సరైనట్టు కాదు

సంపాదకులకు,

నమస్కారం. చిన్న వ్యాపారాల లెక్కల నిర్వహణ గురించి మీ పత్రిక వ్యాపార పుటలో వచ్చిన వ్యాసం చదివాను. లెక్కలు రాసుకునే అలవాటు లేని వ్యాపారిని ఆ దారిలో పెట్టడానికి అది పనికొచ్చే వ్యాసమే. బిల్లులు జాగ్రత్తగా దాచుకోవాలనీ, ఏ రోజు పద్దు ఆ రోజే రాసుకోవాలనీ అందులో చెప్పిన మాటలకు అభ్యంతరం చెప్పవలసింది ఏమీ లేదు. అయితే చివరి పేరాలో, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాస్తున్నవారు ట్రయల్ బ్యాలెన్స్, అంటే అంకణా, రెండు వైపులా కలిసిందంటే తమ పుస్తకాలు సరిగ్గా ఉన్నట్టే అనుకోవచ్చని రాసిన వాక్యం మాత్రం చదువరులను పక్కదారి పట్టిస్తుంది. చిన్న వ్యాపారాల ఖాతా పుస్తకాలు చూసి సరిదిద్దే వృత్తిలో ఉన్నవాడిగా ఆ ఒక్క వాక్యం గురించి కొంచెం వివరంగా రాయవలసిన అవసరం ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

జంటపద్దు విధానంలో ప్రతి వ్యవహారమూ కనీసం రెండు ఖాతాల్లో పడుతుంది. ఒకదానికి డెబిట్ (ఎడమ వైపు) అయినంత మొత్తం మరొకదానికి క్రెడిట్ (కుడి వైపు) కావాలి కాబట్టి, అన్ని ఖాతాల నిల్వలనూ ఒకచోట రాసి కూడితే రెండు వైపులా మొత్తాలు సమానం కావాలి. అంకణా పరీక్షించేది ఇంతే. చేత్తో చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) రాసిన రోజుల్లో ఇది చిన్న పరీక్ష కాదు. చిట్టా నుంచి ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు 5,400 అనేది 4,500గా మారిపోయేది. కూడికలో ఒక పుట మొత్తం జారిపోయేది. డెబిట్ కావలసినది క్రెడిట్ వైపు కూర్చునేది. తేడా వస్తే పాత గుమాస్తాలు రెండు చిట్కాలు వాడేవారు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే అంకెలు తారుమారైనట్టో, సున్నా ఒకటి ఎక్కువో తక్కువో పడినట్టో అనుమానించేవారు. పైన చెప్పిన ఉదాహరణలో తేడా 900, అది తొమ్మిదికి వంద రెట్లు. తేడాను సగం చేసి, ఆ సగం మొత్తానికి సరిపోయే పద్దు ఎక్కడుందో వెదికేవారు, ఎందుకంటే 350 పద్దు తప్పు వైపు పడితే అంకణాలో 700 తేడా వస్తుంది. ఈ చిట్కాలు ఇప్పటికీ నిజమే. కాకపోతే వాటి అవసరమే తగ్గిపోయింది.

ఎందుకు తగ్గిందో గమనిస్తే మీ వ్యాసంలోని వాక్యం ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. డెబిట్, క్రెడిట్ సమానం కాని పద్దును సాఫ్ట్‌వేర్ మామూలుగా తీసుకోదు. కూడికను అది తప్పు చేయదు. ఒకసారి నమోదైన అంకెను ఖాతాల్లోకి అదే ఎక్కిస్తుంది కాబట్టి మధ్యదారిలో అంకె మారదు. అంటే అంకణా పట్టుకోగలిగిన తప్పులన్నిటినీ యంత్రం ముందే తీసివేసింది. మిగిలినవన్నీ అంకణా పట్టుకోలేని తప్పులే. అటువంటప్పుడు సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకణా కలవడంలో విశేషమేముంది? అది కలవక తప్పదు. తక్కెడలో రెండు పళ్లాలూ సమంగా నిలిచినప్పుడు బరువులు సమానమని తెలుస్తుందే తప్ప పళ్లెంలో ఉన్నది బంగారమో ఇత్తడో తెలియదు. కలిసిన అంకణా చెప్పేదీ అంతవరకే.

అసలు రాయనే రాయని బిల్లు అంకణాలో కనిపించదు, రెండు వైపులా పడలేదు కాబట్టి. రెండుసార్లు రాసిన బిల్లూ కనిపించదు, రెండు వైపులా రెండేసిసార్లు పడింది కాబట్టి. ఒక సరఫరాదారు ఖాతాలో పడవలసినది అలాంటి పేరే ఉన్న మరొకరి ఖాతాలో పడినా, మరమ్మతు ఖర్చు యంత్రం ఖాతాలో కూర్చున్నా, ఒక తప్పు మరో తప్పును సరిపెట్టినా అంకణా నిశ్చింతగా కలుస్తుంది. పాఠ్యపుస్తకాలు వీటికి వేర్వేరు పేర్లు పెట్టి ఒక అధ్యాయంలో చెప్పి వదిలేస్తాయి. ఆచరణలో చిన్న వ్యాపారాన్ని ముంచేవి ఎక్కువగా ఇవే.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పుస్తకాల్లో తరచుగా కనిపిస్తున్న ఒక తప్పును దగ్గరగా చూపిస్తాను. ఒక వ్యాపారి అరువు మీద 20,000 విలువైన సరుకు అమ్మి బిల్లు తయారు చేస్తాడు. ఆ క్షణమే సాఫ్ట్‌వేర్ ఖాతాదారు పేర 20,000 డెబిట్ చేసి, అమ్మకాలకు 20,000 క్రెడిట్ చేస్తుంది. రెండు వారాల తరువాత ఖాతాదారు డబ్బు బ్యాంకులో వేస్తాడు. సాఫ్ట్‌వేర్ బ్యాంకు నుంచి ఆ వరుసను తెచ్చి తెర మీద పెట్టి, ఈ జమ ఏ ఖాతాకు చెందుతుందని అడుగుతుంది. పనిలో ఉన్న మనిషి, డబ్బు వచ్చింది కదా, అమ్మకమే కదా అని అమ్మకాల ఖాతాను ఎంచుకుంటాడు. ఇప్పుడు బ్యాంకులో 20,000, ఖాతాదారు నుంచి రావలసింది 20,000, రెండూ కలిపి డెబిట్ వైపు 40,000. క్రెడిట్ వైపు అమ్మకాలు 40,000. అంకణా అచ్చంగా కలిసింది. జరిగిన అమ్మకం మాత్రం 20,000 మాత్రమే, రావలసిన బాకీ సున్నా. లేని లాభం మీద పన్ను లెక్క పడుతుంది, బాకీ తీర్చేసిన మనిషికి బాకీ గుర్తుచేస్తూ ఉత్తరం వెళుతుంది, అతను నొచ్చుకుంటాడు. వచ్చిన డబ్బును ఇంకా వసూలు కాని ఆ బిల్లుకు ఎదురు కట్టాలి. అమ్మకం బిల్లు వేసిననాడే అమ్మకమైపోయింది. ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రావలసిన బాకీల జాబితాను ముప్పై, అరవై, తొంభై రోజుల వయసు ప్రకారం విడదీసి చూస్తే, ఎప్పుడూ వేళకు చెల్లించే ఖాతాదారుల పేర్లు తొంభై రోజులు దాటిన వరుసలో కనిపిస్తాయి. వెంటనే అనుమానించవలసింది ఆ మనుషులను కాదు, మన పద్దును.

కొనుగోళ్ల వైపు కూడా ఇదే తప్పు అద్దంలో ప్రతిబింబంలా జరుగుతుంది. సరఫరాదారు బిల్లును ఒకసారి, డబ్బు చెల్లించినప్పుడు ఖర్చుగా మరొకసారి నమోదు చేస్తారు. బిల్లు సంఖ్యను తప్పనిసరిగా రాసే అలవాటు ఉంటే ఒకే సంఖ్య రెండోసారి వచ్చినప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు హెచ్చరిస్తాయి. ఆ గడిని ఖాళీగా వదిలేసేవారికి ఆ రక్షణ ఉండదు.

బ్యాంకులోకి వచ్చిన ప్రతిదీ ఆదాయమనీ, బ్యాంకు నుంచి పోయిన ప్రతిదీ ఖర్చు అనీ అనుకోవడమే ఇటువంటి తప్పుల్లో సగానికి మూలం. యజమాని తన సొంత డబ్బు తెచ్చి వ్యాపారంలో వేస్తే అది మూలధనం, అమ్మకం కాదు. అప్పు తెచ్చుకున్న డబ్బు తీర్చవలసిన బాధ్యత. సరుకు ఇంకా ఇవ్వకముందే ఖాతాదారు ఇచ్చిన బయానా కూడా, సరుకు చేరే వరకు మన మీద ఉన్న బాధ్యతే. అమ్మకం మీద పన్ను వసూలు చేయవలసిన చోట, ఖాతాదారు నుంచి తీసుకున్న పన్ను భాగం మన చేతుల మీదుగా ప్రభుత్వానికి చేరవలసిన సొమ్ము. దాన్ని అమ్మకంలో కలిపి చూసుకుని మురిసి, ఖర్చు పెట్టేసి, గడువు దగ్గరపడ్డాక వెతుక్కునే వ్యాపారులు ఏ ఊళ్లోనైనా ఉంటారు. పన్ను మొత్తాన్ని వసూలైననాడే వేరే బ్యాంకు ఖాతాలోకి మళ్లించడం పద్దుల దృష్ట్యా తప్పనిసరి కాకపోయినా, దాన్ని మించిన ఉపాయం నాకైతే కనిపించలేదు.

అప్పు వాయిదాల సంగతి కొంచెం వివరించాలి. నెలకు 1,000 వాయిదా కడుతున్నారనుకుందాం. అందులో ఈ నెల వడ్డీ 300, మిగిలిన 700 అసలు. ఖర్చు అయ్యేది 300 మాత్రమే. 700 వల్ల అప్పు తగ్గుతుంది. మొత్తం 1,000 వడ్డీ ఖాతాకో, ‘వాయిదాలు’ అని సొంతంగా తెరుచుకున్న ఖర్చు ఖాతాకో రాసేస్తే ఆ నెల లాభం 700 మేరకు తగ్గి కనిపిస్తుంది. అప్పు ఖాతాలో మాత్రం మొదట తెచ్చిన మొత్తం చెక్కుచెదరకుండా ఉంటుంది. అప్పు తీరిపోయిన తరువాత కూడా ఆస్తి అప్పుల పట్టీలో అది నిండుగా నిలబడి ఉన్న పుస్తకాలు నాకు తరచుగానే ఎదురవుతాయి. ప్రతి వాయిదాలోనూ వడ్డీ తగ్గుతూ అసలు పెరుగుతూ పోతుంది కాబట్టి మొదటి నెల విభజననే అన్ని నెలలకూ వాడకూడదు. అప్పు ఇచ్చిన సంస్థ నుంచి వాయిదాల పట్టిక తీసుకుని దాని ప్రకారమే రాయాలి. సంవత్సరాంతంలో వారి దగ్గరి బాకీ నిల్వ, మన పుస్తకంలోని నిల్వ ఒకటేనా అని చూసుకోవాలి.

కార్డు ద్వారా, ఫోను ద్వారా జరిగే చెల్లింపుల్లో మరో రకం తప్పు దాగి ఉంటుంది. మధ్యవర్తి సంస్థ రుసుము తీసుకునే చోట, 10,000 అమ్మకానికి 200 మినహాయించుకుని బ్యాంకులో 9,800 వేస్తుంది. 9,800నే అమ్మకంగా రాస్తే లాభంలో తేడా రాదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కాని అమ్మకం తక్కువగా, రుసుము సున్నాగా కనిపిస్తాయి. అమ్మకం మీద లెక్కించే పన్ను తప్పుతుంది. ఆ సేవకు ఏడాదికి ఎంత ఇస్తున్నామో యజమానికి ఎప్పటికీ తెలియదు. తెలియని ఖర్చు గురించి బేరమాడడం కుదరదు. అమ్మకం 10,000, రుసుము 200, జమ 9,800 అని మూడు ముక్కలుగా రాయాలి.

యంత్రాన్నీ వాహనాన్నీ కొన్న నెలలోనే ఖర్చు రాసేయడం, రోజువారీ మరమ్మతును ఆస్తికి కలిపేయడం, వాడకంతో ఆస్తి విలువ తగ్గడాన్ని, అంటే తరుగుదలను మరిచిపోవడం గురించి మీ వ్యాసంలోనే చెప్పారు కనుక మళ్లీ చెప్పను. సరుకు నిల్వ గురించి మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. నా దృష్టిలో అది పెద్ద లోటు.

అమ్మిన సరుకు ఖరీదు ఎలా తేలుతుందంటే, ఏడాది మొదట్లో ఉన్న సరుకుకు ఆ ఏడాది కొనుగోళ్లు కలిపి, చివరికి మిగిలిన సరుకును తీసివేస్తాం. మొదటి నిల్వ 50,000, కొనుగోళ్లు 3,00,000, చివరి నిల్వ 60,000 అయితే అమ్మిన సరుకు ఖరీదు 2,90,000. గిడ్డంగిలోకి వెళ్లి లెక్కపెట్టకుండా, చివరి నిల్వ ఎనభై వేలు ఉంటుందిలే అని రాస్తే ఖరీదు 2,70,000కు దిగుతుంది, లాభం ఇరవై వేలు ఊరికే పెరుగుతుంది. ఈ ఏడాది చివరి నిల్వే వచ్చే ఏడాది మొదటి నిల్వ కాబట్టి, అదే ఇరవై వేలు వచ్చే ఏడాది లాభాన్ని మింగేస్తుంది. ఒక సంవత్సరం బాగా నడిచి, మరుసటి సంవత్సరం ఏ కారణమూ లేకుండా చతికిలబడినట్టు కనిపించే వ్యాపారాల్లో నేను మొదట అడిగేది సరుకు లెక్కపెట్టిన కాగితాలనే. చాలాసార్లు ఆ కాగితాలు ఉండవు. ఇక నిల్వకు విలువ కట్టేటప్పుడు, కొన్న ఖరీదు, ఇప్పుడు అమ్మితే ఖర్చులు పోను చేతికి వచ్చే మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని తీసుకోవాలన్నది లెక్కల శాస్త్రంలో స్థిరపడిన నియమం. పాడైపోయిన సరుకును, ఎవరూ అడగని పాత సరుకును కొన్న ధరకే ఏళ్ల తరబడి మోసుకురావడం పుస్తకంలో లాభాన్ని నిలబెడుతుంది, జేబులో ఏమీ నిలబెట్టదు.

ప్రసంగం వచ్చింది కనుక ఒక మాట. జంటపద్దు విధానాన్ని వివరంగా వర్ణించిన తొలి అచ్చు పుస్తకం 1494లో వెనిస్‌లో వెలువడింది. రాసినవాడు లూకా పాచోలి, గణితవేత్త, ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ఆ పద్ధతిని కనిపెట్టింది ఆయన కాదు. వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్నదాన్ని వివరించాడు. ఆయన వర్తకుణ్ణి మొదట డెబిట్ క్రెడిట్ల దగ్గర కూర్చోబెట్టలేదు. ముందు తనకున్న ఆస్తులనూ అప్పులనూ ఒక్కొక్కటిగా జాబితా రాసుకోమన్నాడు. ఆ తరువాత జరిగినది జరిగినట్టు రాసే చిత్తు పుస్తకం, దాని నుంచి చిట్టా, చిట్టా నుంచి ఆవర్జా. ఉన్నదేదో, జరిగినదేదో ముందు తేలాలి, లెక్క దాని వెనుక రావాలి అన్న ఆ వరుసను మనం సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చాక తలకిందులు చేసుకున్నాం.

అంకణా చాలకపోతే మరేది చూడాలని అడగవచ్చు. పుస్తకం లోపల ఎంత వెదికినా దొరకని తప్పు, పుస్తకం బయట ఉన్న సాక్ష్యంతో పోల్చినప్పుడు దొరుకుతుంది. అటువంటి సాక్ష్యాల్లో మొదటిది బ్యాంకు ఇచ్చే స్టేట్‌మెంటు. నెల చివర మన పుస్తకంలో బ్యాంకు నిల్వ 84,000, బ్యాంకు చూపినది 91,500 అనుకుందాం. రెండింటిలో ఏదీ తప్పు కానక్కర్లేదు. మనం ఇచ్చిన 9,000 చెక్కు ఇంకా బ్యాంకుకు రాలేదు, మనం వేసిన 1,000 ఇంకా వారి లెక్కకు ఎక్కలేదు. ఆ రెండూ సరిచేస్తే బ్యాంకు లెక్క 83,500. బ్యాంకు వసూలు చేసుకున్న 500 రుసుము మన పుస్తకంలో లేదు. అది రాస్తే మన లెక్క కూడా 83,500. ఈ సమన్వయ పట్టికకు నెలకు ఒక పూట చాలు. దీన్ని ఏడాదికి ఒకసారి చేయబోతే పన్నెండు నెలల తేడాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని చిక్కుముడి పడతాయి, చివరికి విసిగిపోయి తేడాను అనామతు ఖాతాలో, అంటే సంగతి తేలేవరకు తాత్కాలికంగా ఉంచే ఖాతాలో పడేసి కలిసిందనిపిస్తారు.

ఆ పట్టిక చేసేవారిలో కూడా ఎక్కువమంది ఒక సంగతి చూడరు. ఇంకా బ్యాంకుకు రాని చెక్కులు, ఇంకా జమ కాని మొత్తాలు అన్న జాబితా ప్రతి నెలా మారాలి. పోయిన నెలలో ఉన్న వరుసే ఈ నెలలోనూ, పై నెలలోనూ అలాగే కూర్చుని ఉంటే, ఆ చెక్కు పోయి ఉండాలి, లేదా ఆ పద్దు రెండోసారి రాసినదై ఉండాలి, లేదా ఆ డబ్బు బ్యాంకుకు చేరనే లేదు. మూడోది అయితే అసలు ప్రశ్న లెక్కల గురించి కాదు, డబ్బు పట్టుకెళ్లిన మనిషి గురించి.

నగదు విషయంలో సాక్ష్యం పెట్టెలోనే ఉంటుంది. నగదు ఖాతా ఏ రోజైనా మైనస్ చూపించిందంటే, వెనుకటి పద్దు ఏదో తప్పకుండా జారిపోయింది. పెట్టెలో లేని నోటును ఎవరూ ఖర్చు పెట్టలేరు కదా. చాలావరకు అది యజమాని జేబులోంచి ఇచ్చి రాయని మొత్తమో, నమోదు కాని అమ్మకమో అయి ఉంటుంది. నెలాఖరు నిల్వ ఒక్కటే చూస్తే ఇది కనబడదు, రోజువారీ నిల్వ చూడాలి. సరుకు నిల్వ మైనస్‌లోకి వెళ్లినా ఇదే అర్థం. చిల్లర ఖర్చులకు మాత్రం పాతకాలపు పద్ధతి ఒకటి ఉంది, అంతకన్నా మేలైనది ఇంతవరకు రాలేదు. ఒక స్థిరమైన మొత్తం, ఉదాహరణకు 2,000, పెట్టెలో ఉంచి, తీసిన ప్రతిసారీ వోచరు వేసి, చేతిలో ఉన్న నగదు, వోచర్ల మొత్తం కలిపితే ఎప్పుడు చూసినా సరిగ్గా 2,000 ఉండాలి. వోచర్ల మేరకు మాత్రమే మళ్లీ నింపాలి. తేడా వస్తే అదే రోజు బయటపడుతుంది.

ఇక డబ్బు తీసుకునేవారు, పద్దు రాసేవారు, బ్యాంకు లెక్కతో సరిచూసేవారు ఒక్కరే కావడం. పెద్ద సంస్థలు ఈ పనులను ముగ్గురికి పంచుతాయి. చిన్న వ్యాపారంలో ముగ్గురు ఉండరు. నమ్మకస్తుడైన మనిషే కదా అని మొత్తం అతని చేతికి వదిలేయడం వల్ల అతనికి కూడా న్యాయం జరగదు, రేపు తేడా వస్తే నిరూపించుకునే దారి అతనికి ఉండదు కనుక. మోసం జరిగే తీరు కూడా సరళంగానే ఉంటుంది. మొదటి ఖాతాదారు ఇచ్చిన డబ్బు వాడుకుని, రెండో ఖాతాదారు ఇచ్చినదాన్ని మొదటివారి పేర జమ కట్టి, మూడోవారిది రెండోవారికి కట్టుకుంటూ పోతే అంకణా ప్రతి నెలా కలుస్తూనే ఉంటుంది. ఖాతాదారుల జమలు మాత్రం అందరివీ కొన్ని రోజులు ఆలస్యంగా పడుతుంటాయి. యజమాని చేయగలిగినవి రెండే పనులు. బ్యాంకు స్టేట్‌మెంటును వేరెవరూ చూడకముందు తానే నేరుగా తెప్పించుకుని వరుస వరుసా చదవాలి. ఖాతాదారులకు వారి బాకీ వివరాలను అప్పుడప్పుడూ తానే పంపి, తేడా ఉంటే తనకే చెప్పమనాలి.

యజమాని సొంతవాడకాల గురించి మీ వ్యాసం చెప్పినదానికి ఒక్క చేర్పు. వ్యాపారపు డబ్బుతో ఇంటి ఖర్చు పెట్టకండి అని ఎంత చెప్పినా, పెడతారు. పెట్టినప్పుడు దాన్ని సొంతవాడకాల ఖాతాలో నిజాయితీగా రాస్తే పుస్తకానికి నష్టం ఏమీ లేదు. దాన్ని ప్రయాణ ఖర్చుగానో స్టేషనరీగానో మారువేషం వేసి రాసినప్పుడే వ్యాపారం నిజంగా ఎంత సంపాదిస్తోందో యజమానికి కూడా తెలియకుండా పోతుంది. ‘ఇతర ఖర్చులు’ అన్న ఖాతాను కూడా ఈ సందర్భంలోనే తెరిచి చూడాలి. అది అద్దె కన్నా, జీతాల కన్నా పెద్దదిగా ఎదిగిందంటే అందులో ఎవరో ఏదో దాస్తున్నారని కాకపోయినా, ఆలోచించకుండా పద్దులు రాస్తున్నారని మాత్రం అర్థం.

ఆలస్యం గురించి చాలామంది చెప్పిందే అయినా, అందులో తక్కువమంది గమనించే విషయం ఒకటుంది. యంత్రం ముద్రించి ఇచ్చే రశీదుల్లో చాలావాటికి వాడేది వేడి తగిలితే నల్లబడే కాగితం. దాని మీద సిరా ఉండదు. వెలుతురుకూ వేడికీ ఆ అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి. ఏడాది చివర సంచీ విప్పేసరికి సగం రశీదులు తెల్ల కాగితాలై ఉంటాయి. తీసుకున్న రోజే ఫోటో తీసి, ఆ పద్దుకే జతచేసి పెట్టుకోవాలి. ఎందుకు ఖర్చు పెట్టామో రశీదు మీద ఉండదు కనుక నాలుగు మాటలు పక్కన రాసుకోవాలి; పది నెలల తరువాత ఏ మనిషికీ అది జ్ఞాపకం ఉండదు.

చివరిగా, వెనక్కి వెళ్లి దిద్దే అలవాటు. చేతిరాత పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదు, అంకె చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి పొడి సంతకం చేయాలని నేర్పేవారు. సాఫ్ట్‌వేర్‌లో తొలగించు అన్న మీట నొక్కితే, మార్పుల చరిత్రను భద్రపరిచే సదుపాయం లేనిచోట, జాడే మిగలదు. పైగా పోయిన సంవత్సరం పద్దును ఈ రోజు మారిస్తే, అప్పటికే పన్ను అధికారులకూ బ్యాంకుకూ ఇచ్చిన లెక్కలకూ మన పుస్తకాలకూ పొంతన ఉండదు. ఈ ఏడాది మొదటి నిల్వలు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. బ్యాంకుతో సరిచూసుకున్న నెలకు తాళం వేసేయాలి. తరువాత తప్పు బయటపడితే ఈనాటి తేదీతో రద్దు పద్దు ఒకటి, సరైన పద్దు ఒకటి, కారణంతో సహా రాయాలి. తాళం వేసే సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. వాడేవారిని నేను తక్కువగా చూశాను.

మీ వ్యాసంతో పాటు ప్రచురించిన నెలవారీ పనుల పట్టికను కత్తిరించి బల్ల దగ్గర అంటించుకునే వ్యాపారులు ఉంటారు. దాని చివరి వరుసలో ‘ట్రయల్ బ్యాలెన్స్ కలిసిందో లేదో చూసుకోవాలి’ అని ఉంది. వీలైతే ఆ పట్టికను మరొకసారి ప్రచురించి, ఆ వరుస స్థానంలో నాలుగు వేయమని కోరుతున్నాను: బ్యాంకు స్టేట్‌మెంటుతో సమన్వయం, వయసుల వారీగా రావలసిన, ఇవ్వవలసిన బాకీల జాబితా, నగదు ఖాతా రోజువారీ నిల్వల పరిశీలన, ఎక్కువ విలువ గల సరుకునైనా చేత్తో లెక్కపెట్టడం. స్థలం చాలకపోతే మొదటిది ఒక్కటైనా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఖాతా పుస్తకాలు సరిచూసే వృత్తిలో ఉన్నవాడు